చివరి పేజీ నేను రాశాను

రెండు వేల సంవత్సరం దాటాక నన్ను వర్క్‌షాపులకు పిలవడం మొదలుపెట్టారు. ఏజెన్సీ బడుల్లోని తెలుగు టీచర్లకు, పిల్లల చేత నాటకాలూ డిటెక్టివ్ కథలూ ఎలా రాయించాలో నేను చెప్పాలి. నేనే ఎందుకంటే, "మీకు అనుభవం ఉంది కదా మేడమ్" అంటారు. అరకులో ఏదో ఒక హాలు, ఇనప కుర్చీలు, పదకొండు గంటలకు టీ, రెండు బిస్కెట్లు. సంభాషణ ఎలా రాయాలి, రంగం ఎలా విడదీయాలి, ఆధారాలు ఎక్కడ దాచాలి అని గంటసేపు చెబుతాను. చివర్లో, పాత్రలకు పిల్లల సొంత పేర్లు పెట్టకండి అంటాను. అందరూ తలలు వంచి రాసుకుంటారు. ఎందుకని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడిగితే నిలబడి చెప్పే ఓపిక నాకు లేదు. కూర్చుని రాయడం కాస్త నయం.

తొంభైల నడుమ నేను అనంతగిరి వైపు ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పేదాన్ని. మాది కింద మైదానంలో ఒక మిషన్ చర్చి ఊరు. మా ఆయన, పిల్లలు అక్కడే. శనివారం మధ్యాహ్నం రైలెక్కి కిందికి దిగడం, సోమవారం పొద్దున్నే మళ్లీ అదే రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పైకి రావడం. అప్పటికే ఏడేళ్లుగా అదే పని. మలేరియా మూడుసార్లు వచ్చింది. ట్రాన్స్‌ఫర్ కాగితం ఒక్కసారీ రాలేదు. రైల్లో తోచక, స్టేషను బయట కిళ్లీకొట్టులో అద్దెకిచ్చే డిటెక్టివ్ నవలలు చదివేదాన్ని. వాటిలో సగానికి చివరి పేజీలు ఉండేవి కావు. హంతకుడెవరో నేనే ఊహించుకోవాలి. ఈ విద్యే తర్వాత నా కొంప ముంచింది.

ఒక ఏడాది, పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. పిల్లలు స్వయంగా రాసిన నాటకాన్ని తల్లిదండ్రుల రోజున ఆడించాలి, బాగుంటే జిల్లాకు పంపుతారు. హెడ్మిస్ట్రెస్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "తెలుగు కదా, మీదే" అంది. ఆవిడకు రిటైర్మెంటు రెండేళ్లుంది. ఏ కాగితమైనా ఎవరి బల్ల మీదైనా పెట్టేసి చేతులు దులుపుకొనే దశలో ఉంది. తప్పు పట్టను, ఇప్పుడు నేనూ అంతే.

నాటకం గురించి నాకు తెలిసిందంతా మా చర్చి క్రిస్మస్ నాటకాలే. వాటిలో పసిపిల్లల్ని చంపించే రాజు వేషం ఏటా ఒకే పెద్దాయన వేసేవాడు. మర్నాడు ఆరాధనలో ఆయనే కానుకల సంచి పట్టుకుని బెంచీల మధ్య తిరిగేవాడు. ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. వేషం వేషమే అన్న సంగతి నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. లోకంలో అందరికీ అలాగే వస్తుందనుకున్నాను.

తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి మొదలుపెట్టాను. వాళ్లకు ఇంట్లో మాట వేరు, తెలుగు బడిలో నేర్చుకున్నది. స్క్రిప్టు అంటే ఏమిటో చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పేరు, పక్కన రెండు చుక్కలు, ఆ తర్వాత మాట. ఎలా అనాలో బ్రాకెట్లో రాయాలి అని బోర్డు మీద రాసి చూపించాను. చదవమంటే ఒక పిల్ల లేచి, "కోపంగా నువ్వు ఎక్కడికి పోయావు" అని చదివింది. బ్రాకెట్లోది పైకి చదవకూడదే, కోపంగా అనాలి అన్నాను. "కోపం ఎందుకొచ్చింది టీచర్?" అని అడిగింది.

డిటెక్టివ్ కథ మరీ కష్టమైంది. తలా ఒకటి రాసుకు రమ్మన్నాను. ముప్పై రెండు కథలు వచ్చాయి. అన్నింటిలోనూ దొంగ మొదటి రెండు వాక్యాల్లోనే ఉన్నాడు. "మా ఊళ్లో కోడి పోయింది. మా మావ తీసుకున్నాడు." ఇంకేముంది చదవడానికి. ఎవరు తీశారో చివరిదాకా చెప్పకూడదు, దాచాలి అంటే వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. తెలిసిన సంగతి దాచి, తెలియనట్టు అందరినీ అనుమానించడం వాళ్లకు మర్యాదగా తోచలేదు. నాకు ఒళ్లు మండింది. ఈ పిల్లలకు కల్పనా శక్తి లేదు అని స్టాఫ్ రూంలో అన్నాను కూడా. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఒక్క పిల్ల మాత్రం నా మాట పట్టుకుంది. పదో తరగతి. కొండ మీద రెండు గంటల నడక దూరంలో వాళ్ల ఊరు. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ పెంచింది. ఆ ఊరి నుంచి పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. పాసైతే పాడేరులో టీచరు ట్రైనింగుకి వెళ్లాలని దాని ఆశ, దాని కంటే ఎక్కువగా నాది. దాని పేరు అప్పుడొకసారి నలుగురిలో పలికించి చేసిన నిర్వాకం చాలు. ఇక్కడ రాయను.

వారం తర్వాత అది నోటుబుక్కు తెచ్చిచ్చింది. కోసిన కాఫీ పళ్ల గంప ఒకటి కళ్లంలోంచి పోతుంది. ఇన్‌స్పెక్టరు వస్తాడు. అందర్నీ అడుగుతాడు, ఎవరూ చెప్పరు. పండిన కాఫీ పళ్లు నలిగితే తియ్యటి రసం కారుతుంది. ఇన్‌స్పెక్టరు నేల మీద చీమల బారు చూస్తాడు. ఆ బారు వెంట నడుచుకుంటూ వెళ్తే అది ఒక ఇంటి గుమ్మంలోకి పోతుంది. అది చదివి, పేజీ వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. అన్నేళ్లు రైల్లో చదివిన నవలల్లో అంత చక్కటి ఆధారం ఒక్కటీ లేదు. ఏడేళ్ల చాకిరీకి ఏదో దక్కినట్టనిపించింది.

కానీ చివర తేలిపోయింది. గుమ్మం దగ్గరికి వెళ్లిన ఇన్‌స్పెక్టరు లోపలికి చూడకుండానే వెనక్కి వస్తాడు. "రేపు పొద్దున్నకి గంప కళ్లంలో ఉండాలి" అని అందరితో చెప్పి వెళ్లిపోతాడు. పొద్దున్నకి గంప ఉంటుంది. అయిపోయింది.

"మరి దొంగ ఎవరే?" అని అడిగాను.

"ఉన్నారు టీచర్" అంది.

"ఎవరో చెప్పాలి కదా. చూసేవాళ్లు దాని కోసమే కదా కూర్చుంటారు."

"గంప వచ్చేసింది కదా టీచర్" అంది.

నేను ఆ పేజీ కొట్టేసి, చివరి పేజీ నేనే రాశాను. ఇన్‌స్పెక్టరు అందర్నీ వరసగా నిలబెడతాడు. ఒక్కొక్కరి ముందూ ఆగుతాడు. చివరికి వేలెత్తి చూపించి, పేరు పెట్టి పిలిచి, "నువ్వే దొంగవి" అంటాడు. తెర. చినిగిపోయిన నవలలకు ఊహించుకున్న చివరి పేజీలన్నీ అందులో కుక్కేశాను. పాత్రలకు వేరే పేర్లు పెడితే పిల్లలు స్టేజీ మీద మర్చిపోతున్నారని ఎవరి పేర్లు వాళ్లకే ఉంచేశాను. ఆ పని సులువైనందుకు సంతోషించాను కూడా.

దొంగ వేషానికి ఎవరూ ఒప్పుకోలేదు. అడిగిన ప్రతి పిల్లా తల వంచుకుంది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. రిహార్సల్‌కి టైమైపోతోందన్న కంగారులో, "నువ్వే రాశావు కదా, నువ్వే వెయ్యి" అని ఆ పిల్లతోనే అన్నాను. అది సరే టీచర్ అంది. నేను అడిగితే కాదనలేకపోయింది, అంతే.

జనవరిలో తల్లిదండ్రుల రోజు. చుట్టుపక్కల కొండల మీద ఊళ్లన్నింటి నుంచీ జనం దిగి వచ్చి ఆటస్థలంలో గుంపులుగా కూర్చున్నారు. కుర్చీలో ఒక ఆఫీసరు. నాటకం బాగా నడిచింది. చీమల దగ్గర జనం ముందుకు వంగి చూశారు. ఇన్‌స్పెక్టరు వేషం వేసిన పొడుగు పిల్ల, పీఈటీ గారి బెల్టు పెట్టుకుని, వరసలో నడిచి ఆగి, వేలెత్తి, పేరు పెట్టి, నేను రాసిన మాట అంది. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. స్టాఫ్ కొట్టారు. జనంలో ఒక్క చప్పుడు లేదు. అంతగా లీనమైపోయారని నేను మురిసిపోయాను. రెండో వరసలో ఒక ముసలామె లేచి, చీర కొంగు తల మీదుగా లాక్కుని, గేటు వైపు నడవడం చూశాను. దాని నాయనమ్మ. బస్సు కోసం కాబోలు అనుకున్నాను, వాళ్ల ఊరికి బస్సే లేదన్న సంగతి తెలిసి కూడా.

ఆ శనివారం ఇంటికి వెళ్లిన పిల్ల సోమవారం రాలేదు. ఆ వారమంతా రాలేదు. పరీక్షలు మార్చిలో. తర్వాతి ఆదివారం నేను కిందికి దిగకుండా కొండెక్కాను. మా చిన్నమ్మాయికి జ్వరమని కబురొచ్చినా వెళ్లలేదు. అది మా ఆయన చాలాకాలం ఎత్తిపొడిచేవాడు.

ఇంటికి వెళ్లేసరికి ముసలామె గుమ్మంలో కూర్చుని చోళ్లు చెరుగుతోంది. పిల్ల లోపలుంది, బయటికి రాలేదు. నడిచి నడిచి గొంతెండిపోయి నీళ్లడిగాను.

"మా ఇంట ఎవులూ నీల్లు తాగట్లేదమ్మా ఇప్పుడు" అంది ముసలామె.

నేను తాగుతాను ఇవ్వండి అన్నాను, ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. ఇచ్చింది. తాగాను.

"నువ్వు తాగితే ఏటవుద్ది" అంది, చాట పక్కన పెట్టి.

ఊరి పెద్దమనిషి వచ్చాడు. ఇద్దరు ముగ్గురు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్ల ఊళ్లో కట్టుబాటు ఆయనే నెమ్మదిగా చెప్పాడు. పది ఊళ్ల జనం ముందు ఒకరి పేరు పట్టి దొంగ అంటే, ఆ ఇంటికి మైల. అది తీరేదాకా ఆ ఇంట ఎవరూ నీళ్లు ముట్టరు, ఆ ఇంటివాళ్లు నలుగురిలోకి రాకూడదు. అందుకే అక్కడ ఏదైనా పోతే పేరెత్తరు. వస్తువు వెనక్కొచ్చే దారి చూస్తారు. ఆ పిల్ల రాసిన ఆఖరి పేజీ చేతకాక రాసింది కాదని అప్పటికి తెలిసింది నాకు.

"అది నాటకం కదా. నిజం కాదు కదా" అన్నాను.

"నాటకమని మాకూ తెలుసమ్మా" అన్నాడు పెద్దమనిషి. "నాటకమైతే మా గుంట పేరెందుకు పెట్టేవు? పోలీసేసం కట్టిన పిల్ల దాన్ని పేరెట్టి పిలిసింది. పది ఊల్లోల్లు ఇన్నారు."

చర్చిలో రాజు వేషం వేసే పెద్దాయన సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఆయన్ని మీరు నాటకంలో ఆయన సొంత పేరుతో పిలిసేవోరా?" అని అడిగాడు.

"నువ్వు సెడ్డదానివని అనట్లేదు. ఆ మాట ఎవులు ఇన్నారో ఆలకాడే ఎనక్కి తీసుకోవాల. మరో దారి లేదు" అన్నాడు.

మర్నాడు హెడ్మిస్ట్రెస్‌ని అడిగాను, ఆ తల్లిదండ్రుల్ని ఇంకోసారి పిలిపించమని. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాటకానికి క్షమాపణ ఏమిటండీ? రేపు ఇది పేపర్లో వస్తే నా పెన్షన్ ఎవరిస్తారు?" అంది. ఆవిడ భయం ఆవిడది. ఇక మిగిలింది వారపు సంత. ఆ ఊళ్లన్నీ అక్కడికే దిగుతాయి.

సంత రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లాను. ఉప్పు బస్తాలకూ ఎండుచేపల గుట్టలకూ మధ్య కాస్త ఖాళీలో పెద్దమనిషి జనాన్ని పోగేశాడు. ముసలామె, పిల్ల ఒక పక్కన నిలబడ్డారు. కింద నుంచి సామాన్లు తెచ్చుకునే వర్తకులు కూడా చోద్యం చూడ్డానికి చేరారు. వాళ్లలో ఒకతను మా వీధివాడే. ఈ పిల్ల ఏ దొంగతనమూ చేయలేదు, ఆ కథ నేను కల్పించాను, పేరు పెట్టించి తప్పు చేశాను అని చెప్పాను. పెద్దమనిషి దాన్ని వాళ్ల మాటలో మళ్లీ చెప్పాడు.

వెనకనించి ఒకాయన అడిగాడు. "మరి దొంగెవుడు?"

"ఎవరూ లేరు" అన్నాను.

"లేని దొంగకి పోలీసేటి?" అన్నాడు. జనం నవ్వారు. నేను నవ్వలేదు, అది సరైన ప్రశ్నే.

పెద్దమనిషి ముసలామె చేతిలోని ఆనపకాయ బుర్ర తీసుకుని నీళ్లు తాగాడు. పక్కవాడికిచ్చాడు. బుర్ర చేతులు మారుతూ పోయింది. అంతే, అయిపోయింది. ఒక్క గుక్కెడు నీళ్లతో వాళ్లు దాన్ని పూర్తిగా వదిలేసి, ఎవరి బేరాలకు వాళ్లు వెళ్లిపోయారు. ముసలామె నా దగ్గరికొచ్చి, "సోమారం పంపిత్తాను. బేగి సదువు సెప్పు, పరీచ్చలొచ్చేత్తన్నాయి" అంది. నేను గదికొచ్చి పడుకున్నాను. అవమానం నాకు చాలా రోజులు దిగలేదు. వాళ్లకి పోయినంత తేలిగ్గా నాకు పోలేదు.

సోమవారం పిల్ల వచ్చింది. నేను తెగ సంబరపడి, మిస్సయిన పాఠాలన్నీ సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పాను. అది బుద్ధిగా రాసుకునేది. కథలు మాత్రం రాయలేదు. నేనూ అడగలేదు. ఇన్‌స్పెక్టరు వేషం వేసిన పొడుగు పిల్లే దానికి లెక్కలు చెప్పేది. అంతా సర్దుకున్నట్టే ఉంది.

పరీక్షలకు ఇంకా మూడు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం క్లాసులో నా పెన్ను కనపడలేదు. మా ఆయన కొనిచ్చిన పెన్ను, బంగారు రంగు క్యాపు. బల్ల మీద పెట్టినట్టు గుర్తు. సంచీ వెతికాను, సొరుగు లాగాను. ఎండ, తలనొప్పి, ఆ రోజు పొద్దున్నుంచీ ఏదీ సరిగా లేదు. తలెత్తి క్లాసు వైపు చూశాను. క్లాసు నిండా పిల్లలు. నా కళ్లు తిన్నగా వెళ్లి ఆ పిల్ల మీద ఆగాయి.

నేను ఏమీ అనలేదు. ఒక్క క్షణం కూడా ఉండదేమో. వెంటనే చూపు తిప్పేసుకున్నాను. కానీ అది నన్నే చూస్తోంది. అది దొంగ కాదని ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసినదాన్ని నేను. ఆ దొంగని నా చేతులతో తయారు చేసినదాన్ని. అయినా అటే చూశాను. అది తల వంచుకుని, తన పెన్సిలు డబ్బా తెరిచి, నాకు కనపడేలా బల్ల మీద పెట్టింది. పెన్ను స్టాఫ్ రూంలో హాజరు పట్టీలో దొరికింది.

ఆ శనివారం పిల్ల ఇంటికి వెళ్లి ఇక రాలేదు. ముసలామెకు ఏం చెప్పిందో తెలియదు. ఊరినుంచి ఏ ఫిర్యాదూ రాలేదు. ఏమని వస్తుంది? ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.

హాల్ టికెట్లు వచ్చాయి. దానిది తీసుకుని నేను కొండ దారిలో సగం దాకా నడిచాను. ఒక రాతి మీద కూర్చున్నాను. సంతలో వెనక్కి తీసుకున్నది నోటితో అన్న మాట. అది పది ఊళ్లు విన్నాయి కాబట్టి పది ఊళ్ల ముందు తీసుకోగలిగాను. ఈ చూపు దానికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తీసుకోవాలంటే ముందు, నేను నిన్ను దొంగలాగే చూశాను అని దాని మొహం మీద ఒప్పుకోవాలి. సంతలో అంతమంది ముందు నిలబడ్డదాన్ని, ఆ ఒక్క పిల్ల ముందు నిలబడలేకపోయాను. అలసిపోయాను, పొద్దు పోతుంది, మళ్లీ దిగాలి అని నాకు నేను చెప్పుకుని వెనక్కి తిరిగాను.

హాల్ టికెట్ సంతలో పెద్దమనిషి చేతికిచ్చాను. అందజేస్తానన్నాడు, అందజేశాడు కూడా.

మొదటి రోజు తెలుగు పేపరు. ఆ పిల్ల పరీక్ష హాలుకే రాలేదు.